గోపమ్మ కట్టిన పొగమూట

కిటికీలు బిగించుకుని కూర్చున్న పెద్దమనిషీ, నీ ఇంట్లోకి పొగ రాలేదని మురిసిపోకు. నువ్వు గీసిన అగ్గిపుల్ల పొగ ఎవరో ఒకరి ఇంట్లోకి పోయే ఉంటుంది. అది ఎవరి ఛాతీలో కూర్చుందని ఒక్కనాడైనా అడిగావా? సిగ్గుపడు. సిగ్గు రాకపోతే ఈ కథైనా విను.

హాలియా అవతల, సాగర్ కాలువ కింద ఒక ఊరు. వరికోతలు మొదలైతే అక్కడ గోపమ్మకు రోజూ ఒకటే పని. తెల్లవారుజామునే వంట ముగించి పాత చీరలు తడిపి తలుపుకు వేలాడదీసేది. రెక్కల్లేని కిటికీకి గోనెసంచి కట్టి గంటకోసారి నీళ్లు చల్లేది. ఊదుబత్తి కూడా ముట్టించేది కాదు. బూడిద లేవకుండా నేలను తడిగుడ్డతోనే తుడిచేది. ఇంత చేసినా చొరబడ్డ పొగను చీపురుతో మూలకు ఊడ్చి, తడిచీరలో మూటగట్టి, అటక మీద పెట్టేది.

పొగను ఊడ్చే చెయ్యి ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఆ మూటలకు ఒకటే కట్టుబాటు. ముడి విప్పకూడదు. విప్పినవాడి ఒంటికే ఆ పొగ పట్టుకుంటుంది, మళ్లీ ఏ చీపురుకూ రాదు. ఇది ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

ఈ పాట్లన్నీ మనుమరాలు హరిత కోసం. తొమ్మిదేళ్ల పిల్లకు దమ్ము జబ్బు. కిందటి కోతలప్పుడు పెదవులు నీలంగా మారితే ఆటోలో దవాఖానకు ఎత్తుకుపోయారు. ఇంకోసారి పొగ తగిలితే పిల్ల దక్కదని డాక్టరు చెప్పాడు.

ఆ ఊళ్లో పన్నెండెకరాల ఆసామి దశరథం. మిషన్‌తో కోయించి, పొలంలో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టేవాడు. పెట్టేముందు తన ఇంటి అద్దాల కిటికీలు మూయించి, సందుల్లో రబ్బరు పట్టీలు నొక్కించి, పట్నం నుంచి తెచ్చిన గాలి శుభ్రం చేసే మిషన్ వేయించేవాడు. లోపల కూర్చుని మాంసం నములుతూ అద్దంలోంచి మంటలు చూసేవాడు. బయట జనం నల్లటి కళ్లె ఉమ్ముకునేవారు. వాళ్ల అన్నం మీద బూడిద రాలేది.

ఆ ఏడు అతని బిడ్డ సుచరిత తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, ఇరవై రోజుల బాలింతగా ఉంది. పుట్టింది మగపిల్లవాడు.

గోపమ్మ ముందే పోయి అడిగింది.

"పటేలా, ఈసారి కాల్చకు. గడ్డి కట్టలు కట్టే మిషన్ హాలియా నుంచి వస్తాందట."

"అది వచ్చేదాక కూసుంటే నారు ముదురుతది. కాలువకు నీళ్లిడిసిండ్రు."

"మా పోరికి దమ్ము."

"నీ ఇంటికి కిటికీ లేదా ముసలిదానా? మూసుకో."

"కిటికీ ఉంది పటేలా. రెక్కలే లెవ్వు."

దశరథం నవ్వి లోపలికి పోయాడు. ఆ మధ్యాహ్నమే నిప్పు పెట్టాడు.

గాలి తిరిగింది. కిటికీలన్నీ మూయించినవాడు వంటింటి ఫ్యాను రంధ్రం మరిచాడు. పొగ అందులోంచి చొరబడింది. అంతా బిగించిన ఇల్లు కాబట్టి మళ్లీ బయటికి పోయే దారి లేదు. గాలి మిషన్ ఎర్రలైటు వెలిగించి మూలిగింది. పసివాడు ఏడ్చేందుకు కూడా ఊపిరందక గింజుకున్నాడు. దశరథం చెప్పులు లేకుండా గోపమ్మ ఇంటికి ఉరికాడు.

"గోపమ్మా, జర రా. పిల్లగాడు మాకు దక్కేటట్టు లేడు."

గోపమ్మ హరిత ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. చీపురు తీసుకుని లేచింది.

"నీ కోసం కాదు పటేలా. ఆ పసిగుడ్డు ఏం జేసింది పాపం."

దశరథం ఇంట్లో గదిగదీ ఊడ్చి, పొగను తడిచీరలో మూటగట్టింది. పసివాడు గట్టిగా ఏడ్చాడు. అది విని సుచరిత కూడా ఏడ్చింది.

"మూట నీ ఇంట్లనే పెట్టుకో," అంది గోపమ్మ. "మా అటక మీద జాగా లేదు. ఉన్నయన్నీ నీ పొగ మూటలే. ముడి మాత్రం ఇప్పకు."

ఆమె గడప దాటగానే దశరథం ముక్కు చిట్లించాడు. "గీ పాతచీర కంపు నా ఇంట్లెందుకు? పొగ ఒంటికి పట్టుకునుడు ఉత్త ముచ్చట," అని మూటను ప్రహరీ దగ్గరికి మోసుకుపోయాడు. గాలి గోపమ్మ ఇంటి దిక్కే వీస్తోందని చూసుకుని మరీ ముడి విప్పాడు.

పొగ ఎటూ పోలేదు. అతని చేతుల మీదుగా ఎక్కి జుట్టులో, చంకల్లో, నోట్లో కూర్చుంది. అతను ఇంట్లో అడుగుపెట్టగానే గది నిండిపోయింది. సుచరిత బిడ్డను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. గోపమ్మను మళ్లీ పిలిపించారు. చీపురు అతని ఒంటి మీద నుంచి ఉత్తగా జారింది.

"రాదు పటేలా. చెప్పిన గదా."

ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరూ కొయ్యకాళ్లు కాల్చలేదు. హరిత ఇప్పుడు బడికి ఉరుక్కుంటూ పోతుంది. దశరథం కాలువ గట్టు మీద నాలుగు రేకుల కింద ఉంటాడు. అన్నం దూరంగా పెట్టి పోతారు. ఏది తిన్నా నోటికి బూడిదే.

మనుమడికి మూడేళ్లు నిండాయి. వాడు వచ్చాడని తెలిస్తే దశరథం పోయి, తాను కట్టించుకున్న ప్రహరీ అవతల నిలబడి పేరుపెట్టి పిలుస్తాడు. పిల్లవాడు కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఎత్తుతాడు. అంతలో సుచరిత వచ్చి, తండ్రి ముఖం చూడకుండా అద్దం రెక్క మూసి, సందులో తడిగుడ్డ నొక్కుతుంది.