పూర్వపక్షం ఒక్కటే వెళ్ళింది

“దీనికి అధికారి ఎవరు? నాకు ఆ పేరు కావాలి,” అంది నాగేంద్రమ్మ, బల్లను అరచేత్తో కొట్టి.

ఎస్టీడీ బూత్‌ను ఇంటర్నెట్ సెంటర్‌గా మార్చుకుని ఏడాది దాటిన ఇర్షాద్, మౌస్‌ను ఆమె చేతికి అందనంత దూరం జరిపాడు.

“ఎవురూ లేరు మేడమ్.”

“అధికారి లేకుండా ఇన్ని వేల చర్చలు ఎలా నడుస్తాయి?”

“మన హిందూపురం స్టేషన్లో మీరొక మాట అన్నారనుకోండి. బెంగుళూరు బండిలో ఒగడు ఎత్తుకపోతాడు, గుంతకల్లు బండిలో ఇంగొగడు. మళ్ళా వచ్చి స్టేషన్ మాస్టర్‌ను పట్టుకుంటే ఆయప్ప ఏం జేస్తాడు?”

“ఆయప్ప కనీసం ఉన్నాడు,” అంది నాగేంద్రమ్మ.

భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాగేంద్రమ్మ హిందూపురంలో శనివారం చర్చలు నడిపేది. ఆ చర్చలకు ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడి వాదాన్ని, అంటే పూర్వపక్షాన్ని, అతనికంటే బలంగా, ఒక్క ఆక్షేపణ కూడా కలపకుండా మొదటి శనివారం వినిపించాలి. విన్నవాళ్ళు వారమంతా దానితో కుస్తీ పట్టాలి. ఖండన రెండో శనివారమే. ఎదుటివాణ్ణి బలహీనుణ్ణి చేసి కొట్టడం చర్చ కాదని ఆమె నమ్మకం.

రెండు వేల సంవత్సరం వేసవిలో ఇర్షాద్ ఆమెకు యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చల వల చూపించాడు. విజ్ఞానానికొక శాఖ, సమాజానికొకటి, వాదులాటకొకటి; ఒక్కో శాఖ కింద వందల వేదికలు. ఎక్కడో ఒక యంత్రంలో రాసిన ఉత్తరాన్ని పక్క యంత్రం నకలు తీసుకుంటుంది, దాన్నుంచి మరొకటి. ఎవరికి ఏ వేదిక కావాలో వాళ్ళే వెతుక్కోవాలి. నాగేంద్రమ్మ నెలరోజులు ఏమీ రాయకుండా చదివి, ఎక్కడ తిట్లు ఎక్కువో, ఎక్కడ ఆధారాలు అడుగుతారో తెలుసుకుని, తెలుగువాళ్ళ వేదికను ఎంచుకుంది. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చి, పెనుకొండ కొండ కింద మూర్ఛరోగానికి మంత్రించిన నీళ్ళిచ్చే గుట్టస్వామి పక్షాన పూర్వపక్షం రాసింది. తానే ఇళ్ళకు వెళ్ళి విన్న, నయమైందన్న నాలుగు కుటుంబాల మాటలు, ఊళ్ళ పేర్లతో సహా పెట్టింది. చివర “ఖండన వచ్చే శనివారం” అని చేర్చింది.

ఆ ఆఖరి పంక్తిని ఎవడో కోసేశాడు. మిగిలినదాన్ని భక్తుల వేదికలోనూ, గృహవైద్యం వేదికలోనూ ఆమె పేరుతోనే పెట్టాడు. వారం తర్వాత ఆమె పెట్టిన ఖండన మాత్రం రాసినచోటే ఉండిపోయింది. నాగేంద్రమ్మ వెతికి వెతికి నకలు కనిపించిన ప్రతిచోటా జవాబు రాసింది. భక్తుల వేదికలో ఒక పెద్దమనిషి ఆమెకు బుద్ధి చెప్పాడు: “నాగేంద్రమ్మగారు హేతువాది అయి ఉండీ సత్యాన్ని ఒప్పుకున్నారు. ఆ మహాతల్లి పేరు పెట్టుకుని రాసే నీవెవరు?”

దానికి ఆమె నవ్వింది. ఈ ఉదయం వచ్చిన ఈమెయిల్‌కు నవ్వలేకపోయింది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి సునీల్ కృతజ్ఞతలు చెబుతూ రాశాడు: “మీ వ్యాసం మా మగ్గం నేసే వెంకటరాముడికి చదివి వినిపించాను. వాళ్ళ యమునకు మాత్రలు మాన్పించేశారు. అమావాస్యకు స్వామి దగ్గరికి తీసుకెళతారు.”

“అధికారి లేడంటావు. సరే,” అని నాగేంద్రమ్మ సంచీ తీసుకుని లేచింది. “ధర్మవరానికి బస్సైనా ఉందా, అదీ లేదా?”

*

వెంకటరాముడు పనిమీద బయటికి వెళ్ళాడు. మగ్గం పక్కన చాపమీద పన్నెండేళ్ళ యమున పడుకుని ఉంది. నుదుటిమీద కొత్త దెబ్బ. దేవుడి పటానికి ఆనించిన అచ్చుకాగితం మీద నాగేంద్రమ్మకు తన పేరే కనిపించింది.

“మొన్న మగ్గం కాడ్నే పడింది,” అంది తల్లి నరసమ్మ. “సామిని అడిగిస్తే, రోగం బయటికి పోతాండాది, బయపడద్దండి అన్న్యాడంట.”

“రోగం పోవడం కాదమ్మా, మాత్రలు ఆపినందుకు పడింది. ఇంకా ఆపితే ప్రాణానికే ముప్పు. ఇవాళే మొదలుపెట్టు.”

“మీరెవురు చెప్పేకి?”

“ఆ కాగితం రాసినదాన్ని.”

నరసమ్మ కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసింది. “ఏం మేడమ్, తమాసగా ఉండాదా? సామి గొప్పోడని మీరే రాసిరి. ఇప్పుడు మీరే కాదంటాండారు.”

“అది నా మాట కాదు. అతని వాదాన్ని అతని తరఫున చెప్పాను. మా పద్ధతి అది.”

“మీ పద్దతి తగలబడ! నా బిడ్డ తల పగిలె! ఆడ రాసినమ్మను నమ్మల్నా, ఈడ నిలబడినమ్మను నమ్మల్నా?”

జవాబు నోటిదాకా వచ్చింది. నన్ను నమ్ము, అనడమే. ఆ మాట గుట్టస్వామి కూడా అంటాడు.

“ఇద్దర్నీ నమ్మొద్దు,” అంది నాగేంద్రమ్మ. “అందులో సోమందేపల్లి షంషాద్‌బీ కొడుకు సంగతి ఉంది కదా? నయమైందన్న పిల్లవాడు. పోయి నువ్వే అడుగు. నేను నోరు విప్పను. మాత్రలు కొంగున కట్టుకో.”

*

బస్సు పెనుకొండలో ఆగినప్పుడు, యమునను భుజానికి ఆనించుకుని కూర్చున్న నరసమ్మ కొండవైపు తిరిగి దణ్ణం పెట్టింది. నాగేంద్రమ్మ పళ్ళు బిగబట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సోమందేపల్లిలో షంషాద్‌బీ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. యమున నుదుటిమీది దెబ్బ చూడగానే చేతులు తుడుచుకుంది.

“మీ పిల్లోనికి సామి నీళ్ళతోనే తగ్గెనా అక్కా?” అని అడిగింది నరసమ్మ.

“నీళ్ళు మా అత్త తాగిపిచ్చె. మాత్రలు నేను మింగిపిస్తి. నూరి, రాగిముద్దలో కలిపి. అత్తకు తెలిస్తే ఇంట్లో ఉండనిచ్చునా?” ఆమె లోపలికి వెళ్ళి మాత్రల అట్ట తెచ్చింది. “పోయినేడు ఆయమ్మ పాయె. ఇంగ యాల దాసేది? ఈ మేడమ్‌కు గూడా ఇదే చెప్తి కదా.”

నరసమ్మ కొంగుముడి విప్పింది. రెండు అట్టల మీదా ఒకే మందు పేరు. చాలాసేపు పోల్చి చూసింది.

“చెంబుతో నీళ్ళియ్యక్కా,” అంది. యమున మాత్ర మింగింది. కూతురి గొంతు కదిలేదాకా చూసి నరసమ్మ నాగేంద్రమ్మవైపు తిరిగింది. “ఈ ముద్ద సంగతి తెలిసి గూడా వారం దినాలు చెప్పకుండా ఉంటిరా మేడమ్?”

నాగేంద్రమ్మ యమున చేతిలోని చెంబు తీసుకుంది. తన గదిలో మొదటి శనివారం విన్నవాళ్ళే రెండో శనివారమూ వచ్చేవాళ్ళు. ఆ కట్టుబాటు నిలిచింది వాళ్ళు తిరిగి రావడం మీదే. యూజ్‌నెట్‌లో ఎవరూ రెండోసారి రారు.

*

మర్నాడు ఇర్షాద్ సెంటర్లో ఆమె అంతా మళ్ళీ రాసింది. గుట్టస్వామి వాదం ఉన్న ప్రతి వాక్యంలోనూ దాని ఖండన కూడా ఇరికించింది. వాక్యాలు వికారంగా పొడుగయ్యాయి.

“చదివేకి కష్టంగా ఉండాది మేడమ్.”

“ఉండనీ. ఎవడు ఏ సగం కోసుకుపోయినా అందులో నేను ఉండాలి.”

వేదిక తర్వాత వేదికకు పంపింది. తీరా చూస్తే కొత్త ఈమెయిల్ ఒకటి. ఎవరో తండ్రి. కొడుకుకు మూర్ఛ అట. మందులు ఆపేశాడట, గుట్టస్వామి చిరునామా కావాలట.

నాగేంద్రమ్మ కీబోర్డును దగ్గరికి లాక్కుని, ఒక్కో అక్షరాన్నీ పొడుస్తున్నట్టు కొట్టింది.

“మందులు వెంటనే మళ్ళీ మొదలుపెట్టండి. మీది ఏ ఊరు? అక్కడికి బస్సు ఎక్కడినుంచి ఉంది?”