చిన్నోడి పాలికొచ్చిన బండి

ఈరక్క పగబడితే పాము కూడా పక్కకు తప్పుకుంటుందని ఊళ్ళో ఒక మాట ఉండేది. ఆ పగ చివరికి కడుపున పుట్టిన పెద్దకొడుకు వీరభద్ర మీదికే తిరిగింది. తప్పెవరిదో విన్నాక మీరే చెప్పండి.

మొగుడు పుల్లయ్య పోయాక కొడుకులిద్దరూ వేరుపడ్డారు. పత్తికొండ పక్క ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. పెద్దవాడు ఆస్తిని రెండు పాళ్ళుగా పెట్టాలి, చిన్నవాడు తనకు నచ్చింది ఎత్తుకోవాలి. పంచేవాడు మోసం చేయకుండా పూర్వీకులు పెట్టిన పద్ధతి అది. వీరభద్ర ఆ పద్ధతికే కన్నం వేశాడు. రోడ్డు పక్క చేను, బోరు, ట్రాక్టరు ఒక పాలు అన్నాడు. గుట్ట కింద రాళ్ళచేను, దొడ్లో తుప్పుపట్టి పడున్న నాయన పికప్ బండి, అమ్మ రెండో పాలు అన్నాడు. తల్లి ఎదురుగానే కూర్చుని ఉంది. తమ్ముడు హనుమన్న మెత్తనివాడు. అమ్మ ముఖం చూస్తూ నాకు ట్రాక్టరు కావాలని ఏ నోటితో అంటాడు? అమ్మ ఉన్న పాలే ఎత్తుకున్నాడు.

అంతటితో ఊరుకుని ఉంటే ఈరక్క కూడా ఆ కోపాన్ని మింగేసేదేమో. కానీ వీరభద్ర పెద్దమనుషుల ముందు నవ్వాడు.

"రెండూ నడవనివే. ఒకదానికొకటి తోడుంటాయిలే" అన్నాడు.

ఈరక్కకు అప్పటికే మోకాళ్ళు పట్టేసి కర్ర లేనిదే లేవలేకపోతోంది. వీరభద్రతో పాటు కూర్చున్నవాళ్ళలో కొందరు నవ్వారు. పుల్లయ్యకు పినతండ్రి కొడుకు, ఆ వంశానికంతా పెద్ద, ఓబుళేశు కూడా మీసం చాటున నవ్వాడు. ఆమె ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది.

మరునాడు పొద్దున్నే మంచం తెచ్చి బండి పక్కన వేయించుకుంది.

"రేయ్ హనుమా, దీన్ని నడిపియ్యల్ల."

"ఏందిమా నువ్వు? దీన్ని పాతసామాన్లోడు గూడా తీసుకోడు. కోళ్ళు కాపురం పెట్టినాయి దీంట్లో."

"కోళ్ళను తోలు. పెద్దల అమావాస్యకు ఈ బండి మీ అన్న వాకిట్లో నిలబడల్ల. నేను దాంట్లో కూర్చోనుండల్ల. అంతే."

పెద్దల అమావాస్య అంటే పోయినవాళ్ళ పండగ. వాళ్ళకిష్టమైనవి వండి, ఆకులో వడ్డించి, కొత్త బట్టలు పెట్టి దండం పెడతారు. దాన్నే ఎడ పెట్టడం అంటారు. ఎడ పెట్టేది పెద్దకొడుకు, వంశమంతా చేరేది పెద్దకొడుకు ఇంట్లో. ఎడ పెట్టేదాకా ఆ కొడుకు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఈరక్క కన్ను ఆ పెద్దరికం మీద పడింది. చేను పోతే పోయింది, ట్రాక్టరు పోతే పోయింది, వాడి పెద్దరికం మాత్రం ఊడబెరకాలి.

హనుమన్న కుర్రతనంలో ఆదోని షెడ్లో పనిచేసినవాడు. పని తెలుసు, నమ్మకమే లేదు. ఇంజన్ బిగుసుకుపోయి ఉంది. లోపల డీజిల్ పోసి నానబెట్టి, రోజూ చేను పని అయ్యాక పెద్ద స్పానర్ పెట్టి వేలాడేవాడు. అది కదిలేది కాదు. "ఇది కాదుమా" అని చేతులు తుడుచుకుంటే, ఈరక్క మంచం మీది నుంచి తిట్లు లంకించుకునేది. ఆమె తిట్లకు దడిసిందో, డీజిల్‌కు నానిందో, ఒక సాయంత్రం వెంట్రుకవాసి తిరిగింది. ఇక అక్కణ్ణుంచి తల్లి పట్టు కొడుక్కూ వచ్చింది. డీజిల్ ట్యాంకు ఊడదీసి, లోపల గులకరాళ్ళు పోసి, హనుమన్న ఒక పక్క, పెళ్ళాం శివలీల ఒక పక్క పట్టుకుని, చేటలో బియ్యం చెరిగినట్టు ఊపారు. చెంబుల కొద్దీ ఎర్రటి తుప్పునీళ్ళు కారాయి. ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చారు. అడుగున రేకు పొడిపొడిగా రాలిపోతే వెల్డింగ్ చేసేవాణ్ణి ఇంటికే పిలిపించి కొత్త రేకు వేయించారు. శివలీల గరుకు కాగితంతో రుద్ది రుద్ది అరచేతులు ఒలుచుకుంది.

ఈరక్క కొన్ని మాత్రం ముట్టనివ్వలేదు. పుల్లయ్య కూర్చుని కూర్చుని గుంటపడిన సీటు, ఆయన చేతులకు అరిగిన స్టీరింగు అలాగే ఉండాలంది. పెళ్ళయినప్పటినుంచి ఆ మనిషి పక్క సీట్లో కూర్చుని కర్నూలు మార్కెట్టుకు ఉల్లిగడ్డలు తోలిన మనిషి ఆమె. తాడు బిగించడం, టైరు కింద రాయి పెట్టడం, అన్నీ ఆమే.

బండి స్టార్టయిన రోజు దొడ్డంతా నల్లటి పొగ కమ్మింది. ఇంజన్ దడదడ వినగానే ఈరక్కకు మొగుడు గుర్తొచ్చాడు. ఆయన కంటే ముందు పెద్దకొడుకు గుర్తొచ్చాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే పళ్ళు కొరికింది.

పండగ దగ్గరపడింది. వీరభద్ర ఆ ఏడాది కొత్త మిద్దె కట్టి, పొట్టేలు కోయించి, వంశమంతటినీ పిలిచాడు. తమ్ముడికి ఫోన్ చేసి, "అమ్మను ఆటోలో ఎక్కించి పంపు" అన్నాడు. ఈరక్క విని, సరేనన్నట్టు తల ఊపింది.

అమావాస్య రోజు మధ్యాహ్నం, మిద్దె ముందర జనం గుమిగూడి ఉండగా పుల్లయ్య బండి వచ్చి గేటుకు అడ్డంగా నిలిచింది. పక్క సీట్లో ఈరక్క. హనుమన్న దిగగానే అతను లేచిన సీట్లో ఆమె ఆకు పరిచింది. కొర్రబువ్వ, ఊరిబిండి పచ్చడి, నాటుకోడి పులుసు వడ్డించింది. కోడి కూడా ఆ బండిలో కాపురమున్నదే. పక్కన కొత్త పంచె పెట్టి, గుంపులో ఓబుళేశును పిలిచింది.

"ఏమప్పా ఓబుళేశా, మీ అన్న యాడుండాడు? ఆ గోడ మీద ఫోటోలో ఉండాడా? బతుకంతా కూర్చున్న ఈ సీట్లో ఉండాడా?"

ఓబుళేశు సీటు గుంట వైపు చూశాడు. ఆనాడు మీసం చాటున నవ్వినవాడే. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాడు.

"సీట్లోనే వదినా" అని వంగి దండం పెట్టాడు. ఆయన వెనకాలే ఒక్కొక్కరూ వచ్చారు. లోపల పొట్టేలు కూర ఘుమఘుమలాడుతున్నా ఎవరూ అటు పోలేదు.

వీరభద్ర పరుగున వచ్చాడు.

"అమా, ఏందిది? ఎడ పెట్టేది పెద్దోడు గదా. లోపలికి రా."

"నాయన ఉంటే గదరా ఎడ. నీ పాలికి ట్రాక్టరు వచ్చె, బోరు వచ్చె. మీ నాయన వచ్చినాడా? నువ్వే ఎత్తి తమ్ముని పాలల్లో ఏస్తివి. నడవనివి అంటివి. చూడు, రెండూ నడిచొచ్చినాయి."

"నాయనకు కొరివి పెట్టింది నేను గదమా!"

"పెడితివి. నాకు పెట్టేది చిన్నోడు. నీతో నాకింక పనేముండాది?"

తండ్రికి పెద్దవాడు, తల్లికి చిన్నవాడు కొరివి పెట్టడం ఆనవాయితీ. అందరికీ తెలిసిన సంగతే అయినా, తల్లి నోట ఆ మాట వినేసరికి జనం వీరభద్ర వైపు తిరిగారు. వీరభద్ర లోపలికి పోయి ఒక ఆకులో అన్నం, కూర పెట్టుకుని వచ్చాడు.

"ఒక్క ఆకు పెట్టనీమా. మా నాయనే గదా."

"రాన్నా" అని హనుమన్న బండి తలుపు దగ్గర పక్కకు జరిగాడు. ఈరక్క తన కర్ర తీసి ఆ తలుపుకు అడ్డం పెట్టింది.

"బండి వానిదే. నేను గూడా ఈ పాలల్లోదాన్నే. నేను ఒప్పుకోను."

వీరభద్ర గడ్డం అదిరింది. అచ్చం పుల్లయ్య గడ్డమే. అది చూసి ఈరక్క మొహం పక్కకు తిప్పుకుంది. "పో, మీ ట్రాక్టరుకు పెట్టుకో" అని, బండి తీయమని చిన్నకొడుక్కి సైగ చేసింది.

ఇల్లు చేరాక ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. హనుమన్న ముద్ద కలిపాడు కానీ నోట్లో పెట్టుకోలేదు.

"అమా, ఆ ఇంట్లో నాయన లేడని అందరి ముందరా అంటివి. అన్న ఇంక ఎడ యాడ పెడతాడు? పెట్టనిదే పచ్చినీళ్ళు గూడా తాగడు గదా."

"తెలుసు" అంది ఈరక్క.

కోడలి వైపు తన అన్నం తట్ట జరిపి, ఇంకొంచెం పులుసు పోయమంది.