మూత రంగు

దుకాణానికి రాకముందు బావ మూడు వారాల పాటు ల్యాప్‌టాప్ జపం చేశాడు. అన్నం తింటూ ప్రాసెసర్లు, పక్కమీద వాలుతూ గ్రాఫిక్స్ కార్డులు. వినీ వినీ ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా భర్తను ఆమె బావా అనే పిలుస్తుంది. అతని మాటల వరదకు అడ్డుపడటం మాత్రం ఇన్నేళ్లలోనూ చేతకాలేదు. అందుకే చెప్పాల్సిన ముక్క మూడు వారాలుగా నోట్లోనే ఉండిపోయిందని తనకు తను చెప్పుకుంటోంది. అదంతా సాకు. అసలు సంగతి భయం.

ఆ ముక్క ఇదీ: ఆమె చూపు పోతోంది. రెండు కళ్లలోనూ నట్టనడుమ, ఎటు చూస్తే అటు, ఒక మసక మచ్చ. అద్దాలకు లొంగేది కాదనీ, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదనీ మూడు వారాల కిందట కంటి డాక్టరు చెప్పేసింది. అంచుల్లో చూపు మిగులుతుందట. చదువుకోవడం, రంగులు పోల్చుకోవడం మాత్రం మహా అయితే రెండేళ్లట.

ఇద్దరిదీ ఒకటే పని. కట్టబోయే ఇళ్లను ముందుగానే కంప్యూటర్‌లో కట్టి చూపిస్తారు. గోడలు, మెట్లు, కొలతలు బావవి. వెలుగూ రంగులూ ఆమెవి. పని అలా పంచుకోవడానికి కారణం ఉంది. బావకు పుట్టుకతోనే ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. చొక్కా కొన్నా, టమాటాలు ఏరినా "ఇది ఏం రంగే?" అని అడగాల్సిందే. ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పేది. ఆ ఇంటి మొత్తానికి రంగులు తెలిసిన కళ్లు రెండే, అవీ ఆమెవి.

పాత యంత్రం పెద్ద బొమ్మ తెరిస్తే చాలు, రొప్పుతూ కూలబడుతోంది. అందుకే ఈ దుకాణం. ఎవరికి కావాల్సిన భాగాలు వాళ్లు ఎంచుకుంటే ఇక్కడ బిగించి ఇస్తారు. జుట్టు ముడిలో స్క్రూడ్రైవరు దోపుకున్న దుకాణం ఆవిడ వాళ్ల ముందు గళ్లు గీసిన కాగితం ఒకటి పెట్టింది.

"ప్రాసెసర్ అన్నిటికన్నా పెద్దది. మెమరీ ఎంత పడితే అంత," అన్నాడు బావ హుషారుగా టిక్కులు పెడుతూ.

"స్క్రీను?" అందావిడ.

"మామూలుది చాలు," అంది ఆమె.

బావ పెన్ను ఆగింది. "రంగుల పనికి మామూలు స్క్రీనేంటే? పిచ్చా నీకు?"

"దాని బదులు మంచి స్పీకర్లు వేయిద్దాం."

"మనం బొమ్మలు చేస్తామా, పాటలు పాడతామా?" బావ దుకాణం ఆవిడ వైపు తిరిగి నవ్వాడు. "మీరేం పట్టించుకోకండి. రెండు రకాల స్క్రీన్లూ తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఏది మేలో మా ఆవిడ చిటికెలో చెప్పేస్తుంది. ఆ కళ్లకు తిరుగులేదు."

ఆవిడ తెచ్చి పెట్టింది. రెండింటి మీదా ఒకటే పూలతోట. ఆమె ముందుకు వంగి దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసింది. ఏదో ఒకదాని మీద వేలు పెట్టేయొచ్చు. కొన్ని నెలలుగా అలాగే నెట్టుకొస్తోంది, సగం అలవాటు మీద, సగం అందాజు మీద. కానీ ఈ మనిషి తన మాట నమ్మి యంత్రం కొంటాడు, ఆ యంత్రాన్ని నమ్ముకుని ఇద్దరూ బతకాలి. వేలు లేవలేదు.

"తెలియట్లేదు బావా."

"ఏంటి తెలియనిది?"

"రెండూ ఒకేలా ఉన్నాయి నాకు."

ఇక ఆగలేక, పరాయి మనిషి ముందే, కౌంటరు పట్టుకుని అంతా చెప్పేసింది. దుకాణం ఆవిడ ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయింది. ఆవిడకు దణ్ణం పెట్టాలి.

మూడు వారాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన బావ పెన్ను కింద పెట్టేశాడు. కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "నాకెందుకు చెప్పలేదే?" అని కోపంగానే మొదలుపెట్టాడు గానీ, మాట పూర్తయ్యేలోపే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక నీకు రంగులెవరు చెప్తారు బావా?" అంది ఆమె. అంతవరకూ బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు బయటపడింది.

ఆమె కళ్లు తుడుచుకునేదాకా అతను పక్కనే నిలబడ్డాడు. "రెండేళ్లన్నారా?" అన్నాడు.

"మహా అయితే."

ఆవిడ తిరిగి రాగానే, స్క్రీను గడిలో అన్నిటికన్నా మంచిదానికి టిక్కు పెట్టాడు.

"దండగ బావా."

"కనపడినన్నాళ్లూ మంచిదాంట్లో చూడు," అన్నాడు. తర్వాత దుకాణం ఆవిడను అడిగాడు: "మంచి స్పీకర్లు కూడా వేయండి. స్క్రీను మీదున్నది చదివి వినిపించే ఏర్పాటు ఉంటుందట కదా. ముందు ముందు ఇంకేమైనా మార్చాల్సి వస్తే వీలవుతుందాండీ?"

"ఏ భాగమైనా మార్చుకోవచ్చండీ. ఎప్పుడైనా తీసుకురండి," అందావిడ మెల్లగా.

చివరి గడి ల్యాప్‌టాప్ మూత రంగు. ఆవిడ నమూనా రేకులు పరిచింది. బావ అలవాటు కొద్దీ ఒకటి తీసి ఆమె చేతికిచ్చి, "ఇది ఏం రంగే?" అనేసి, నాలుక కరుచుకున్నాడు.

ఆమె రేకును వెలుగులోకి పట్టుకుంది. తల పక్కకు తిప్పి, కంటి చివరి నుంచి చాలాసేపు చూసింది.

"ఆకుపచ్చ," అంది. "ముదురు ఆకుపచ్చ."

దుకాణం ఆవిడ ఇబ్బందిగా కదిలింది. "అది... కాఫీపొడి రంగండీ."

బావ తలెత్తలేదు. గడిలో ఆకుపచ్చ అని రాస్తూనే ఉన్నాడు.

"మా ఇంట్లో దీన్ని ఆకుపచ్చే అంటామండీ," అన్నాడు.