ముందు కడగని చేతులు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం తిన్నవి రెండు ఉడికించిన గుడ్లు, ఓ అరటిపండు. ప్రెస్సులో అచ్చుమెషిను నడిపే అతనికి ఇంత ఖచ్చితంగా గుర్తుండటానికి కారణం, తిన్న అరగంటకే దురద మొదలైంది. అదీ చోటు కాని చోట. నలుగురిలో చెయ్యి పెట్టుకోలేని చోట.

తగ్గుతుందిలే అనుకున్నాడు. రెండోరోజుకి అక్కడి చర్మం ఎర్రబడింది. మూడోరోజుకి ప్యాంటు రాసుకున్నా మంటే. శుభ్రం చాలడం లేదేమోనని పూటపూటా సబ్బేసి రుద్దాడు, గాయాలు కడిగే మందునీళ్ళు పోసుకున్నాడు. మందుల షాపులో "వేళ్ళ సందుల్లో తామర" అని అబద్ధమాడి ఓ ట్యూబు కొని రాశాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది.

కూర్చోలేడు, నుంచోలేడు. కాగితాలు నలుగుతున్నా పట్టించుకోకుండా మెషిను చుట్టూ పచార్లు చేస్తున్నాడు.

"ఏరా, కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?" అన్నాడు పక్క మెషిను నడిపే, అందరూ సోడాబుడ్డి అని పిలిచే అతను, దళసరి కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ.

"నడుంనొప్పి."

"నడుంనొప్పికి నడుం పట్టుకుంటారు గానీ ప్యాంటు లాక్కోరురా."

దురదకన్నా పెద్ద బాధ ఇంట్లో ఉంది. ఎక్కడో తిరిగి తెచ్చుకున్న రోగం అనుకుంటుందని భార్యకి చెప్పలేదు. ఆమెకి అంటుతుందేమోనని దిండు చంకన పెట్టుకుని ముందుగదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళ కాపురంలో వేరు పడక అదే మొదలు. తొలిరోజు ఎందుకని అడిగింది. ఉక్కగా ఉందన్నాడు. మళ్ళీ అడగలేదు. ఆ అడక్కపోవడమే ముల్లులా గుచ్చుకుంది.

తొమ్మిదోరోజు పొద్దున టీ గ్లాసు బల్లమీద పెట్టి, అటు తిరిగి అంది: "ఇంకెవరైనా ఉంటే చెప్పెయ్యండి. నేనేం గోల చెయ్యను."

టీ తాగకుండానే ప్రెస్సుకి బయల్దేరాడు. సాయంత్రం నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు పెద్దాయన. అతను అడక్కముందే గడియ పెట్టి, తెర లాగాడు. చూడాల్సింది చూశాక, "ఏదీ, చేతులు చూపించు," అన్నాడు.

"దురద చేతులకి కాదండీ."

"తెలుసులే. చూపించు."

గోళ్ళ అంచుల్లో నల్లసిరా.

"ఏం పని?"

"అచ్చుమెషినండీ. నెల నుంచి రోలర్లు తుడవడానికి కొత్త థిన్నరు ఇస్తున్నారు."

"ఒంటేలుకి వెళ్ళినప్పుడు చేతులు కడుక్కుంటావా?"

"కడక్కుండా ఎలా అండీ? చిన్నప్పుడే మా అమ్మ నేర్పింది."

"ముందా, తర్వాతా?"

"తర్వాతే."

"మరి ముందు?"

అతను తన అరచేతుల్ని పరాయివాడివి చూసినట్టు చూసుకున్నాడు.

"పుండు లేదు, చీము లేదు. బయట తిరుగుళ్ళేమైనా..."

"లేవండీ."

"అయితే ఇది థిన్నరు పెట్టిన చిచ్చు. పైన నీ సబ్బు ఆజ్యం పోసింది. సబ్బు, మందునీళ్ళు, ఆ ట్యూబు అన్నీ మానెయ్. ఉత్త నీళ్ళతో కడిగి మెత్తగా అద్దుకో. వదులు నూలుబట్టలు వేసుకో. షుగరు ఒకసారి చూపించుకో. వారంలో తగ్గకపోయినా, పుండు పడినా, చీము కనిపించినా వెంటనే రా."

"పక్కన పడుకుంటే మా ఆవిడకి..."

"పడుకుంటే ఏం కాదు. మంట తగ్గేదాకా కలయిక మాత్రం వద్దు."

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాపాడు. తడబడుతూ, మధ్యలో ఆగుతూ అంతా చెప్పాడు. ఆమె ఆ వేళ్ళని ఒక్కొక్కటే తిప్పి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇన్ని రాత్రులు ఎవరెవర్నో ఊహించుకున్నాను. చివరికి థిన్నరు డబ్బానా నా సవతి?"

భోజనాలయ్యాక ముందుగదిలోంచి అతని దిండు తనే పడగ్గదిలోకి తీసుకెళ్ళింది. అతనికి ఇంకా కొంచెం దురదగానే ఉంది. అతను లోపలికొచ్చేదాకా ఆమె ఆగి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.