గౌరి బాగినం

అమరనాథ్ బ్యాంకులో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అక్క లక్ష్మీనరసమ్మకు ఒక్కో ఊరు దూరమయ్యాడు. బాగేపల్లిలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళు వారం వారం మండికల్ వచ్చేవాడు. చిక్కబళ్ళాపురంలో మేనేజరయ్యాక నెలకోసారి. బెంగళూరులో బ్యాంకు మొత్తానికీ ఎం.డి. అయ్యాక ఏడాదికొక్క గౌరి పండగకే. ప్రతిసారీ కారు మలుపు తిరిగేదాకా ఆమె వాకిట్లోనే నిలబడేది. మళ్ళీ వస్తాడో రాడో అని ఆ పూట అన్నం సయించేది కాదు.

గౌరి పండగనాడు పెళ్ళయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు బాగినం ఇవ్వాలి. కొత్త చేటలో బియ్యం, బెల్లం, పసుపు కుంకుమ, గాజులు పెట్టి పైన ఇంకో చేట బోర్లిస్తారు. ఆ బాగినాన్ని కాదంటే పుట్టింటితో తెగిపోయినట్టే.

ఈసారి అమరనాథ్ తెచ్చిన బాగినంలో గాజుల కింద ఒక గుడ్డమూట ఉంది. విప్పితే నోట్ల కట్టలు.

"మా బ్యాంకులో వేసిన నీ డిపాజిట్టేక్కా. ఇంట్లోనే పెట్టుకో. ఎవురికీ చెప్పొద్దు."

కాఫీ కూడా తాగకుండా లేచాడు. పోయిన నెల మనిషినంపి కాగితాల మీద సంతకం పెట్టించుకున్నది ఇందుకేనేమో అనుకుందామె. తమ్ముణ్ణి ఎప్పుడు ఎదురడిగింది గనక? మూటను రాగుల డబ్బాలో దాచింది.

పది రోజులకు బ్యాంకు మూతపడింది. ఆ కబురు తెచ్చింది ఎదురింటి మునిశామప్ప. మనవరాలు నేత్ర నర్సింగు చదువుకని పాలమ్మి కూడబెట్టిందంతా అందులోనే వేశాడు. "నా తమ్ముడుండాడు, భయమేల?" అని వేయించింది లక్ష్మీనరసమ్మే.

అతను అరుగుమీద కూలబడ్డాడు.

"చింతామణిలో బ్యాంకు ముందర జనం కూసోని ఏడుస్తాండారమ్మా. ఎం.డి. అక్కవు, నీదీ పోయింది గదా! దాంతోనే నేను మనసు గట్టి చేసుకుంటాండాను. ఆయప్పకే తెలీకుండా మునిగిందంటే ఇంక మనమెంత? నీ గాజులు గూడా ఆడనే వేసింటే సరిపోతాండె" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆమె లోపలికి పోయి తమ్ముడికి ఫోను చేసింది.

"నీకు ముందే తెలుసునా?"

"ఒకరికి చెప్తే అందరూ ఉరికొస్తారక్కా. నీకు మాత్రం చేసినాను. బయటపడితే నన్ను జైల్లో వేస్తారు. గమ్మునుండు."

"మునిశామప్ప అరుగుమీదే ఉండాడురా."

"అక్కా, నేను నీ తమ్ముణ్ణి."

చిన్నప్పుడు జ్వరంలో నీళ్ళడిగిన గొంతు అదే. ఆమె ఫోను పెట్టేసింది.

మూట తీసి, గాజులతో సహా చేటలో పెట్టి, రెండో చేట మూసింది. అరుగుమీదకు తెస్తుంటే లోపల గాజులు గలగలమన్నాయి.

"నాది పోలేదప్పా. గౌరి పండగ దినమే తెచ్చిచ్చినాడు."

మునిశామప్ప చేటను తాకలేదు. "గౌరి పండగ దినమా?" అన్నాడు మెల్లగా.

"ఊఁ. ఆ దినానికే వానికి తెలుసు. ఈ చేట ఆ జనం ముందర దించుతాను. పా, బస్సుకు పోదాం."

ఇద్దరూ చింతామణి బస్సెక్కారు. చేటను ఆమె ఒళ్ళో పెట్టుకుంది. బస్సు ఆ మలుపు తిరిగింది. వాకిట్లో నిలబడి చూసేవాళ్ళు ఈసారి ఎవరూ లేరు.