పిలిస్తే పలకని పిల్ల

లైబ్రరీ నుంచి పదిహేను పుస్తకాల సంచీ మోసుకొచ్చిన రోజున వెర్నిటా ముఖం వెలిగిపోయింది. తన చిన్నప్పుడు నిద్రపుచ్చే పుస్తకాల్లో పిల్లలందరికీ బంగారు రంగు జుట్టే. తనలాంటి ముఖం ఒక్కటీ ఉండేది కాదు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. అందుకే ఆరేళ్ల కూతురు కెజియాకు మన నల్లవాళ్ల కథలే చదవాలని, వాటిలోనూ గొప్పవే చదవాలని పట్టుబట్టింది. సంకెళ్లు తెంచుకున్నవాళ్లు, పోలీసులు కుక్కల్ని వదిలినా వెనక్కి తగ్గనివాళ్లు, జైలుకు పాటలు పాడుతూ వెళ్లినవాళ్లు.

రాత్రి ఎనిమిదింటికి అమ్మమ్మ అర్నెట్టా మనవరాలిని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, మాడుకు నూనె రాసి, జడలు సరిచేసి, నిద్రలో చెదరకుండా సిల్కు టోపీ తొడిగేది. పక్కనే కూర్చుని వెర్నిటా చదివేది.

"నిద్రపోయే పిల్లకి ఇవన్నీ ఎందుకే? నాకే ఒళ్లు జలదరిస్తోంది."

"తెలియాలమ్మా. మన చరిత్ర మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

"చెప్పొద్దన్నానా? పొద్దున్నే చెప్పు, జావ తాగేటప్పుడు. రాత్రిపూట ఏ కుందేలు కథో చదువు."

"కుందేళ్ల కథలు వినే పెరిగాను. నాకేం ఒరిగింది?"

"డిగ్రీ ఒరగలేదుటే!"

కెజియా నవ్వలేదు. "అమ్మా, తోట కథ చదువు," అంది.

తోట కథలో బానిసలు పనిచేసే పత్తితోట నుంచి ఒక తల్లి పిల్లల్ని తీసుకుని చీకట్లో పారిపోతుంది. దారిలో పిల్లల్ని పొదల్లో దాచి, ఒక మాట చెబుతుంది: ఎవరు పిలిచినా పలకొద్దు, పేరు పెట్టి పిలిచినా సరే. నేను ఈ రేకు తొట్టె మీద మూడుసార్లు తట్టినప్పుడే బయటికి రండి. ఆ పేజీ దగ్గర వెర్నిటా గొంతు తగ్గించి చదివేది. పదకొండు రాత్రులుగా పిల్ల అదే కథ అడుగుతోంది. ఎంత ఇష్టమో అని వెర్నిటా మురిసిపోయింది. బూట్లు వేసుకుని పడుకుంటుంటే మారాం అనుకుంది. మొక్కజొన్న రొట్టె ముక్కలు మాయమవుతుంటే దొంగతిండి అనుకుంది.

గురువారం రాత్రి తొమ్మిదింటికి ఎవరో పిడికిలితో తలుపు దబదబా బాదారు. తియ్యగానే గుమ్మంలో డెల్రాయ్, బస్సు డ్రైవరు యూనిఫాంలో.

"తాళం చెవి మర్చిపోయాను. ఏం, మొగుడు లోపలికి రావడానికి అర్జీ పెట్టుకోవాలా?"

"అలా బాదితే తలుపు ఊడి నీ మీదే పడుతుంది," అంటూ వెర్నిటా పిల్ల గదిలోకి తొంగిచూసింది. మంచం ఖాళీ. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. బూట్లు లేవు.

"కెజియా!" డెల్రాయ్ అరుపుకి వీధిలోని కుక్కలన్నీ మొరిగాయి. అతను టార్చి పట్టుకుని కంచె వెంట పరుగెత్తాడు. "కెజియా! ఎక్కడున్నావే!"

వెర్నిటా సందు చివరిదాకా పరుగెత్తింది. అవతల పెద్ద రోడ్డు, దాని మీద లారీలు. పిల్ల అక్కడా లేదు. వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యనా?" మెట్ల మీద నుంచి అర్నెట్టా అడిగింది.

పోలీసులు. టార్చిలు. వాసన పట్టే కుక్క. ఏ పొదలోనో నక్కిన తన పిల్ల మీదికి ఆ కుక్క. వెర్నిటా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఈ బొమ్మ ఏ పేజీలో ఉందో ఆమెకు తెలుసు. ఆ పేజీ తనే చదివింది.

"పిలవకు!" అని మొగుడి మీద అరిచింది. "డెల్రాయ్, నోరు ముయ్యి! పిలిచేకొద్దీ ఇంకా దాక్కుంటుంది!"

మెట్ల పక్కన అర్నెట్టా ఆకుకూర కడిగే రేకు తొట్టె ఉంది. వెర్నిటా దాన్ని బోర్లించి మూడుసార్లు తట్టింది.

ఏ అలికిడీ లేదు. కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి.

మళ్లీ తట్టింది. ఒకటి. రెండు. మూడు.

ఇటుక దిమ్మెల మీద ఎత్తుగా కట్టిన పక్కింటి కింద ఏదో కదిలింది. సాలెగూళ్లు నిండిన తల ఒకటి బయటికొచ్చింది. సిల్కు టోపీ లేదు. పిడికిట్లో రొట్టె ముక్క పిండి పిండి అయిపోయింది.

"వాళ్లు వెళ్లిపోయారా?" గుసగుసగా అడిగింది.

"ఎవరూ రాలేదు తల్లీ. తలుపు కొట్టింది నాన్నే."

"నాన్నని పట్టుకున్నారనుకున్నా. అందుకే అరుస్తున్నాడనుకున్నా."

డెల్రాయ్ మెట్టు మీద కూలబడ్డాడు. టార్చి ఆర్పడం కూడా మర్చిపోయాడు.

శనివారం లైబ్రరీలో వెర్నిటా ఎంచుకున్న ప్రతి పుస్తకాన్నీ నిలబడే చివరిదాకా చదివింది. మేనమామ దగ్గర క్రాఫు చేయించుకునే కుర్రాడు. జుట్టు తడవకుండా ఈత నేర్చుకునే అమ్మాయి. ఒక్క మేజోడు కోసం ఇల్లంతా వెతికే కవలలు. అందరి ముఖాలూ నల్లనివే, ఎవరినీ ఎవరూ తరమడం లేదు. తోట కథని మాత్రం తిరిగిచ్చేయలేదు. వంటింటి అరలో, జావ గిన్నెల పక్కన పెట్టింది.

ఆ రాత్రి కవలల కథ తెరవబోతుంటే కెజియా చెయ్యి అడ్డం పెట్టింది. ముందు చివరి పేజీ తిప్పింది. అందులో ఉన్నవాళ్లని వేలితో లెక్కపెట్టింది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు.

"అందరూ ఇంట్లోనే ఉన్నారు," అంది. "ఇప్పుడు చదువు."

బూట్లు ఇంకా మంచం పక్కనే ఉన్నాయి. తీసేద్దామనుకుని కూడా వెర్నిటా తియ్యలేదు. రెండో పేజీలో ఉండగా వీధిలో కారు తలుపు ధన్‌మని మూసుకుంది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి బిగబట్టారు. చిన్న చెయ్యి దుప్పటి అంచు దాటి కిందికి జారింది. అది బూట్లు అందుకుంటుందా అని ఓరకంట చూస్తూ, వెర్నిటా గొంతు వణకనివ్వకుండా మేజోడు కథ చదువుతూనే ఉంది.