ఇనప్పెట్టెలో ఇంటర్నెట్

ఆ ఇంటి మామగారికి తాళాలే లోకం. ఊళ్ళో సగం బీరువాలకి తాళాలు బిగించింది ఆయనే. విలువైన వస్తువు కంటబడితే చాలు, దాన్ని ఇనుములో పెట్టి తాళం వేస్తే గాని ఆయనకి ముద్ద దిగదు. పంచదార డబ్బాకి కూడా తాళం వేసిన మహానుభావుడు.

అలాంటి ఇంటికి వైఫై వచ్చింది. కోడలి కోసమే వచ్చింది. పాప పుట్టాక ఆమె మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరికేలా ఉంది, అదీ ఇంట్లోంచే చేసుకునే పని. ఆ ఇంట్లోకి ఫోన్ సిగ్నల్ చుట్టపుచూపుగానైనా రాదు గనక, కనెక్షన్ పెట్టించాల్సిందేనని మామగారే పట్టుబట్టారు. మెకానిక్ వచ్చి హాల్లో గోడకి రూటర్ బిగించి, పాస్‌వర్డ్ చెప్పి వెళ్ళాడు. కోడలు వెనక గదిలో లాప్‌టాప్ తెరిచి ఆ పాస్‌వర్డ్ కొట్టగానే ఇంటర్నెట్ వచ్చింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడే ఇంటర్వ్యూ. పాపని పక్కింటి పిన్నిగారికి అప్పగించి, తల దువ్వుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇంటర్నెట్ లేదు. ఆపి మళ్ళీ పెట్టింది, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది. ఊహూ. ఇంకో పావుగంటలో వాళ్ళు పిలుస్తారు. హాల్లోకి పరిగెత్తింది.

గోడమీద రూటర్ కనబడలేదు. దాని చోట మందపాటి ఇనప్పెట్టె, దానికో తాళం. వైర్లు మాత్రం అడుగున ఉన్న కన్నంలోంచి లోపలికి పోతున్నాయి.

"పొద్దున్నే బిగించానమ్మా," అన్నారు మామగారు సంబరంగా. "నా ఉద్యోగమంతా దీన్లోనే ఉందన్నావుగా. ఇక దొంగే కాదు, బల్లి కూడా ముట్టుకోలేదు."

కోపం రావలసిన చోట ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇనుములో పెడితే సిగ్నల్ బయటికి రాదు మామయ్యగారూ. తాళం తియ్యండి, టైమైపోతోంది."

మామగారి మొహం వాడిపోయింది. తాళంచెవి ఇంట్లో ఉంటే దొంగకి దొరుకుతుందని, పనిగట్టుకుని వెళ్ళి తన తాళాల కొట్లో దాచి వచ్చారట. మళ్ళీ వెళ్ళి రావాలంటే అరగంట.

సన్న కమ్మీ తెచ్చి తాళంలో తిప్పారు. ఊరందరి తాళాలూ చిటికెలో తీసే మనిషికి తన తాళం లొంగలేదు. తాళం పగలగొట్టేవాడు తాళాలవాడే కాదని నలుగురిలో చెప్పుకునే మనిషాయన. ఒక్క క్షణం దానికేసి చూసి, లోపలికెళ్ళి సుత్తీ ఉలీ తెచ్చారు.

"జరుగమ్మా," అన్నారు.

వీధంతా దద్దరిల్లింది. పెట్టె తలుపు వంకరపోయి ఊడింది, ఆయన బొటనవేలు చితికి రక్తం కారింది. ఆమె గుడ్డ తేబోతే కసిరారు. "వేలిదేముంది, నువ్వెళ్ళు."

ఆమె వెళ్ళి కూర్చునేసరికి లాప్‌టాప్‌లో అవతలి పెద్దావిడ మొహం కనబడింది. ప్రశ్నలన్నీ అయ్యాక ఆవిడ కాస్త అనుమానంగా అడిగింది.

"చంటిపిల్ల ఉందంటున్నారు. మీరు ఉద్యోగం చెయ్యడం ఇంట్లోవాళ్ళకి ఇష్టమేనా?"

గది గుమ్మం బయట మామగారు వేలు నోట్లో పెట్టుకుని, ఎవరూ చప్పుడు చెయ్యకుండా కాపలా కూర్చున్నారు. కోడలు ఆయనకేసి చూసింది. ఎంత అదృష్టవంతురాలినో అనుకుంది.

"ఇష్టమేనండి," అంది. "నా ఉద్యోగం కోసం మా మామయ్యగారు ఇందాకే తన పరువు తానే పగలగొట్టుకున్నారు."